గంట తీగ నుండి జంట తీగ వరకు

వీధి గుమ్మం ప్రక్కన ఉన్న మీటను నొక్కితే లోపల గంట మ్రోగుతుంది. గోడకున్న చిన్న పెట్టెలో తీగ గ్రుచ్చితే కంప్యూటరుకు ప్రపంచంలోని వార్తలన్నీ అందుతాయి. ఈ రెండు పనులు చేసే తీగలు సన్ననివి. వాటిలోని వోల్టేజి కూడ తక్కువ. దీపాలకు, పంకాలకు పోయే తీగలను తాకడానికి జంకే మనం ఈ సన్నని తీగలను గురించి అంతగా ఆలోచించము. "ఇందులో ఏముంది, షాకు కొట్టదు గదా!" అంటాము. ఈ మాటలో కొంత నిజం ఉన్నది. కాని కొంత నిజాన్ని పూర్తి నిజమని నమ్మినందువలన ఇళ్ళలో నిప్పు పుట్టిన సందర్భాలు విద్యుచ్ఛక్తి చరిత్రలో ఉన్నవి. స్వల్ప వోల్టేజి తీగ ఎప్పుడు నిరపాయం, ఎప్పుడు కాదు అనే విషయం ఒక్కనాటితో తేలలేదు. సుమారు రెండు వందల సంవత్సరాల అనుభవంతో అది మనకు తెలిసినది. ఆ కథను ఇక్కడ చెప్పుకొందాము.

గంటలు కట్టేవారు

విద్యుత్తు రాకముందే ఇంగ్లండులోని పెద్ద ఇళ్ళలో గంటలుండేవి. యజమాని తన గదిలో ఒక త్రాడును లాగితే, గోడల వెంట సాగిన ఇనుప తీగ కదలి, సేవకుల గదిలోని గంటను ఊపేది. ఈ తీగలను గోడల మూలల చుట్టూ త్రిప్పి అమర్చడం ఒక ప్రత్యేకమైన వృత్తి. ఆ పనివారిని గంటలు కట్టేవారని పిలిచేవారు.

1831లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో జోసెఫ్ హెన్రీ అనే అధ్యాపకుడు ఒక ప్రయోగం చేశాడు. మైలుకు పైగా పొడవున్న తీగను గది గోడల చుట్టూ త్రిప్పి, ఒక చివర ఘటమాలను, రెండవ చివర విద్యుదయస్కాంతాన్ని కలిపి, దూరం నుండి గంటను మ్రోగించాడు. 1866లో ఫ్రాన్సు దేశస్థుడు జార్జి లెక్లాంచి తన పేరుతో ప్రసిద్ధమైన ఘటాన్ని తయారుచేశాడు. మన ఉన్నత పాఠశాలల విద్యార్థులకు ఇది పరిచితమైనదే. అప్పుడప్పుడు కొద్దిసేపు మాత్రమే కరెంటు కావలసిన గంటలకు ఇది చక్కగా సరిపోయినది. గంటలు కట్టేవారు ఇనుప తీగకు బదులు రాగి తీగను లాగడం నేర్చుకొన్నారు. ఆ రాగి తీగకు నూలు చుట్టి, మైనం పట్టించేవారు. దానిని గోడకో కలపకో ఆనించి, పైన వంకీ మేకులు కొట్టేవారు. రెండు తీగలను ఒకే మేకు క్రింద బిగించినా ఏమీ కాలేదు.

ఏమీ కాకపోవడానికి కారణమేమి? విద్యార్థులు తేలికగా లెక్క వేసి చూడవచ్చును. లెక్లాంచి ఘటం విద్యుచ్చాలక బలం సుమారు 1.5 వోల్టులు. దాని అంతర్నిరోధం 1 ఓమ్ అనుకొందాము. మూడు ఘటాలను వరుసగా కలిపితే 4.5 వోల్టులు, 3 ఓములు. తీగలు రెండూ తాకి షార్ట్ సర్క్యూట్ అయినప్పటికీ 1.5 ఆంపియర్లకు మించి కరెంటు రాదు. పుట్టే వేడిలో చాలా భాగం ఘటాలలోనే పుడుతుంది. తాకినచోట నిరోధం ఒక ఓమ్‌లో పదవవంతు ఉంటే అక్కడ పుట్టే వేడి వాట్‌లో నాలుగవ వంతు కంటె తక్కువే. దానితో కాగితం కూడ అంటుకొనదు. కాబట్టి ఇంటిని కాపాడినది తీగపై ఉన్న నూలు కాదు. ఘటంలోని బలహీనతే ఆ ఇంటిని కాపాడినది.

ఈ సంగతిని గంటలు కట్టేవారు గమనించలేదు. గమనించవలసిన అవసరం వారికి అప్పటికి కలుగలేదు.

దీపాలు వచ్చినవి

1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కులోని పెర్ల్ వీధిలో ఎడిసన్ విద్యుత్కేంద్రం పని ప్రారంభించినది. దాని వోల్టేజి సుమారు 110. ఇళ్ళలో తీగలు వేయడానికి అనుభవం ఉన్నవారెవరు? గంటలు కట్టేవారు, తంతి పనివారు. వారు తమకు తెలిసిన పద్ధతిలోనే పని చేశారు. అదే నూలు తీగ, అదే వంకీ మేకు.

కాని ఇప్పుడు తీగ వెనుక ఉన్నది ఘటం కాదు, డైనమో. ఇందాకటి లెక్కనే మరల వేయండి. 110 వోల్టుల తీగలు రెండింటి మధ్య నూలు చిరిగి, 5 ఓముల నిరోధంతో కరెంటుకు దారి ఏర్పడినదనుకొందాము. 22 ఆంపియర్లు ప్రవహిస్తాయి. పుట్టే వేడి 2,420 వాట్లు. రెండు ఇస్త్రీ పెట్టెలను గోడలో దాచి మరచిపోయినట్లే.

ఇది కేవలం లెక్క కాదు, జరిగినదే. ధనవంతుడైన విలియం వాండర్‌బిల్ట్ న్యూయార్కులో కట్టించిన క్రొత్త భవనంలో 1880 దశకం ఆరంభాన ఎడిసన్ దీపాలు పెట్టారు. గోడకాగితంలో అలంకారానికై నేసిన సన్నని లోహపు పోగులుండేవి. రెండు తీగలు ఆ పోగులకు తాకగా అవి ఎర్రగా కాలినవని ఎడిసన్ తరువాత జ్ఞాపకం చేసుకొన్నాడు. వెంటనే యంత్రాన్ని ఆపించడంతో మంట లేవలేదు. కాని నేలమాళిగలో ఆవిరి బాయిలరు ఉన్నదని తెలిసిన ఇల్లాలు ఆ ఇంట్లో ఉండనన్నది. ఏర్పాటునంతా ఊడదీయవలసి వచ్చినది. 1882లో జె. పి. మోర్గన్ ఇంట్లో కూడ దీపాలు పెట్టారు. ఆయన గ్రంథాలయంలో తీగల దోషం వలన నిప్పు పుట్టి వ్రాతబల్ల, తివాచీ కాలిపోయినవి. ఆయన దీపాలను తీసివేయించలేదు, తీగలను మరల సరిగా వేయించుకొన్నాడు.

ఆ రోజులలో అమెరికా భీమా సంఘాల వారు అంగీకరించిన ఒక రకం తీగకు నూలుపై తెల్ల సీసపు రంగు పూసేవారు. తడి తగిలితే అది కరెంటును ఆపలేకపోయేది. భీమా వారి తీగ అనే దాని పేరును కాస్త మార్చి, పనివారు దానిని పాడె కట్టేవారి తీగ అని పరిహాసం చేసేవారు.

నియమాలు పుట్టిన విధం

ఇటువంటి అనుభవాల నుండి నియమాలు పుట్టినవి. 1882 జూన్ 21వ తేదీన లండనులోని తంతి, విద్యుత్ ఇంజనీర్ల సంఘం విద్యుద్దీపాల వలన అగ్నిప్రమాదాలు రాకుండ నియమాలను ప్రకటించినది. అది నాలుగు పుటల చిన్న పత్రం. అపాయాలకు ముఖ్య కారణం విద్యుత్తు కాదనీ, తీగలు వేసేవారి అజ్ఞానం, అనుభవలేమి అనీ దాని భావం. నేడు బ్రిటనులో అమలులో ఉన్న వైరింగు నియమాలకు ఈ నాలుగు పుటలే మూలం.

1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో వేలాది దీపాలను వెలిగించారు. అక్కడి విద్యుత్ ఏర్పాట్లను పరీక్షించిన విలియం మెరిల్ అనే యువ ఇంజనీరు 1894లో తీగలను, పరికరాలను పరీక్షించే ప్రయోగశాలను నెలకొల్పాడు. 1897లో అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి మొదటి కూర్పు వెలువడినది. నిప్పు పుట్టిన ఇళ్ళకు పరిహారం చెల్లించేవారు భీమా కంపెనీల వారు. కనుక ఈ నియమాల విషయమై అందరికంటె ముందుగా శ్రద్ధ చూపినవారు వారే.

కలప గోడలో తీగ

అమెరికాలో చాలా ఇళ్ళ గోడలు ఇటుకలవి కావు. సుమారు 16 అంగుళాల కొకటి చొప్పున నిలువు కొయ్యలను పాతి, రెండు ప్రక్కల పలకలు బిగిస్తారు. కొయ్యల మధ్య బోలుగా ఉంటుంది. తీగలు ఆ బోలులో నుండి పోవలెను. కొయ్య అడ్డం వచ్చినచోట బరమాతో బెజ్జం వేయవలెను.

మొదట ఇందుకు పింగాణీని వాడారు. బోలులో తీగ కలపకు తాకకుండ పింగాణీ బుడిపెలపై నడిచేది. కొయ్యను దాటే ప్రతి బెజ్జంలో పింగాణీ గొట్టం దూర్చి, దానిలో నుండి తీగను లాగేవారు. రెండు తీగలను దూరదూరంగా ఉంచేవారు. తీగ చుట్టూ ఉన్న గాలియే బంధకంగా పనిచేసేది. 1920 దశకంలో రెండు మూడు తీగలను ఒకే తొడుగులో పెట్టిన కేబుళ్ళు వచ్చిన తరువాత ఈ పద్ధతి క్రమంగా వెనుకబడినది.

కేబులు వచ్చిన తరువాత క్రొత్త ప్రశ్న పుట్టినది. కొయ్యలో బెజ్జం ఎక్కడ వేయవలెను? ఎంత పెద్దది వేయవలెను? గోడలో దాగిన తీగను ఇంటివారు మరచిపోతారు. తరువాత ఎవరో పటం తగిలించడానికి మేకు కొడతారు. ఆ మేకు కేబులులో దిగుతుంది. అందువలన బెజ్జం అంచు కొయ్య ముఖం నుండి కనీసం 1¼ అంగుళాలు లోపలికి ఉండవలెనని నేటి అమెరికా నియమం. అంత చోటు లేకపోతే, ఆ భాగాన 1/16 అంగుళం మందం గల ఉక్కు రేకు కొట్టవలెను. సాధారణమైన కొయ్య లోతు 3½ అంగుళాలు. రెండు ముఖాల నుండి 1¼ అంగుళాల చొప్పున వదలితే మధ్యలో మిగిలేది ఒకే ఒక అంగుళం. కనుక సరిగా నడిమధ్యన, అంగుళానికి మించని బెజ్జం వేస్తే ఏ రేకూ అవసరం లేదు.

బెజ్జం వేస్తే కొయ్య బలం తగ్గుతుంది గదా! బరువు మోసే నిలువు కొయ్యలో బెజ్జం వ్యాసం దాని లోతులో నూటికి 40 వంతులు మించరాదు. నేలను మోసే అడ్డ దూలంలో బెజ్జం దూలం లోతులో మూడవ వంతు మించరాదు. పై అంచుకు గాని క్రింది అంచుకు గాని 2 అంగుళాల లోపల ఉండరాదు. దీనికి కారణం భౌతికశాస్త్రంలో ఉన్నది. బరువుకు దూలం వంగినప్పుడు దాని పై అంచు నొక్కుకొంటుంది, క్రింది అంచు సాగుతుంది. రెండింటి నడుమ నొక్కుడూ సాగుడూ లేని ఒక తలం ఉంటుంది. ఆ ప్రాంతంలో కలపను తొలిచినా దూలం వంపును తట్టుకొనే శక్తి ఎక్కువగా తగ్గదు. అదే కలపను క్రింది అంచున గాడిగా కోస్తే దూలం విరిగే ప్రమాదం ఉన్నది. తీగ గంటదైనా దీపానిదైనా దూలానికి భేదం తెలియదు. సన్నని తీగకని చెప్పి అంచున గాడి కోయడం సరికాదు.

పొరుగు తీగ వలన అపాయం

1876లో గ్రాహం బెల్ టెలిఫోనును కనిపెట్టాడు. తొలి టెలిఫోన్లకు ఒకే తీగ ఉండేది. భూమియే రెండవ తీగ. వీధులలో విద్యుద్దీపాలు, ట్రాములు వచ్చిన కొద్దీ ఫోనులో మాటకు బదులు రొద వినిపించసాగినది. ప్రక్క తీగలోని కరెంటు మారినప్పుడల్లా ఫోను తీగలో కరెంటును ప్రేరేపించడమే దీనికి కారణం. రెండు తీగలను త్రాడువలె పేనితే ఈ రొద పోతుందని బెల్ గ్రహించి 1881లో పేటెంటు పొందాడు. ఒక మెలికలో ప్రేరితమైన కరెంటును తరువాతి మెలికలో ప్రేరితమైనది రద్దు చేస్తుంది. నేడు మన కంప్యూటరు కేబులును విప్పి చూస్తే కనబడే నాలుగు జంటల పేనిన తీగలు ఈ భావానికి సంతానమే.

రొద చికాకు మాత్రమే. అసలు అపాయం వేరొకటి. పెద్ద వోల్టేజి తీగ తెగి ఫోను తీగపై పడితే ఏమగును? ఇంటిలోని సన్నని తీగ ఒక్కసారిగా విద్యుద్దీపపు తీగగా మారిపోతుంది. దాని తొడుగు అందుకు తగినది కాదు. అందువలన ఫోను తీగ ఇంటిలో ప్రవేశించేచోట ఫ్యూజు, పిడుగు ప్రవాహాన్ని భూమిలోనికి మళ్ళించే కర్బనపు దిమ్మెలు అమర్చడం ఆచారమైనది. ఇంటి లోపల కూడ ఇదే న్యాయం వర్తిస్తుంది. దీపపు తీగ, గంట తీగ ఒకే పెట్టెలో ఒకదానిపై ఒకటి ఉంటే, దీపపు తీగ తొడుగు చెడిననాడు గంట మీటలో 230 వోల్టులుంటాయి. మీటను నొక్కే పిల్లవానికి ఆ సంగతి తెలియదు. కావున అమెరికా నియమావళి ఈ రెండు రకాల తీగల మధ్య సాధారణంగా కనీసం 2 అంగుళాల దూరం గాని, గట్టి అడ్డు గాని ఉండవలెనని చెప్పినది. ఒకే పెట్టెలో ఉంచవలసి వస్తే మధ్య పలక ఉండవలెను. రెండూ ఎదురుపడినచోట సమకోణంలో దాటిస్తే ప్రేరణ కూడ మిక్కిలి తగ్గుతుంది.

ఘటం బలహీనత నియమంగా మారినది

ఇరవయ్యవ శతాబ్దంలో గంటకు ఘటం బదులు ట్రాన్స్‌ఫార్మరు వచ్చినది. ఇప్పుడు గంట తీగ వెనుక మరల పెద్ద శక్తి నిలిచినది. లెక్లాంచి ఘటం ఉచితంగా ఇచ్చిన రక్షణ పోయినది కనుక దానిని ఇంజనీర్లు బుద్ధిపూర్వకంగా తిరిగి తేవలసి వచ్చినది. చిన్న గంట ట్రాన్స్‌ఫార్మరులో చుట్ల అవరోధాన్ని కావాలనే ఎక్కువగా ఉంచుతారు. బయట షార్ట్ సర్క్యూట్ అయినా అది నిప్పు పుట్టేంత కరెంటును ఇవ్వలేదు. అమెరికా నియమావళిలో గంటలు, ఉష్ణ నియంత్రకాల వంటి వలయాల కొక తరగతి ఉన్నది. వాటికి శక్తినిచ్చే సాధనం 100 వోల్ట్-ఆంపియర్లకు మించి ఇవ్వరాదు. అనగా వోల్టేజి తక్కువైనంత మాత్రాన చాలదు, శక్తికి కూడ హద్దు ఉండవలెను.

మోటారుకారు బ్యాటరీ దీనికి మంచి ఉదాహరణ. దాని వోల్టేజి 12 మాత్రమే. రెండు కొసలను చేతులతో తాకినా షాకు తగలదు. కాని దాని అంతర్నిరోధం 0.02 ఓమ్ అనుకొంటే, షార్ట్ సర్క్యూట్‌లో 600 ఆంపియర్ల వరకు రాగలవు. తీగ క్షణంలో ఎర్రబడుతుంది. శరీరానికి నిరపాయమైనది ఇంటికి నిరపాయం కానక్కరలేదు. ఉపాధ్యాయులు ఈ భేదాన్ని లెక్క ద్వారా తరగతిలో చెప్పవలెనే గాని బ్యాటరీతో చేసి చూపరాదు.

పేరు వలన కలిగే పొరపాటు కూడ ఒకటి ఉన్నది. 1956 నాటి భారత విద్యుత్ నియమాలలో స్వల్ప వోల్టేజి అంటే 250 వోల్టుల వరకు అని అర్థం. అనగా ప్రాణం తీయగల మన ఇంటి దీపపు తీగ కూడ ఆ లెక్కన స్వల్ప వోల్టేజి తీగయే! అంతర్జాతీయ ప్రమాణాలలో, 50 వోల్టులకు మించని ఏకాంతర విద్యుత్తును అతిస్వల్ప వోల్టేజి అంటారు. పేరును చూచి ధైర్యం తెచ్చుకొనక, అంకెను చూడవలెను.

బెజ్జం కూడ ఒక దారి

తీగకై వేసిన బెజ్జంలో నుండి తీగ మాత్రమే పోదు. పొగ, మంట కూడ పోగలవు. పాతకాలపు కలప ఇళ్ళలో గోడ బోలు నేల నుండి కప్పు దాకా పొగగొట్టం వలె సాగేది. అంతస్తు అంతస్తుకు అడ్డు చెక్కలు కొట్టి దానిని మూసేవారు. కేబులు కొరకు ఆ అడ్డును తొలిచి, బెజ్జాన్ని తెరిచి వదలితే పొగగొట్టం మరల తెరుచుకొంటుంది. అందువలన తీగ లాగిన తరువాత బెజ్జాన్ని మంటకు నిలిచే పదార్థంతో పూడ్చడం పనిలో భాగమే.

1975వ సంవత్సరం ఈ పాఠాన్ని రెండు పర్యాయాలు చెప్పినది. ఫిబ్రవరి 27న న్యూయార్కులోని ఒక టెలిఫోను కేంద్రంలో, నేలమాళిగలోని కేబుళ్ళ గదిలో నిప్పు పుట్టినది. మంట కేబుళ్ళ వెంట పైకి ప్రాకినది. సుమారు 1,70,000 టెలిఫోన్లు మూగవోయినవి. కేబుళ్ళ ప్లాస్టిక్ తొడుగుల పొగ అగ్నిమాపక సిబ్బంది ఆరోగ్యాన్ని దెబ్బతీసినది. అవి మాటలను మోసే సన్నని తీగలే. మార్చి 22న అలబామా రాష్ట్రంలోని బ్రౌన్స్ ఫెర్రీ అణువిద్యుత్కేంద్రంలో, గోడ నుండి కేబుళ్ళు పోయే బెజ్జంలో గాలి కారుచున్నదేమో అని పనివారు క్రొవ్వొత్తితో పరీక్షించారు. బెజ్జంలో కూరిన నురుగు పదార్థం అంటుకొన్నది. 1,600కు పైగా కేబుళ్ళు చెడిపోయినవి. ఆ తరువాత బెజ్జాలను పూడ్చే పదార్థాలను, కేబుళ్ళ తొడుగులను మంటలో పరీక్షించడంపై శ్రద్ధ పెరిగినది.

మన ఇళ్ళలో

మన దేశంలో 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో టెలిఫోను కేంద్రాలు ప్రారంభమయినవి. మన గోడలు ఇటుకవి, రాతివి. కాబట్టి తీగలు మొదట గోడపైననే, టేకు బద్దీలమీదనో, మూతగల చెక్క కాలువలలోనో నడిచినవి. తరువాత గోడను గాడి కొట్టి గొట్టాలు పూడ్చే పద్ధతి వచ్చినది. నిలువు కొయ్యలు లేవు కనుక దూలాన్ని తొలిచే భయం మనకు తక్కువ. కాని వేర్పాటు నియమాన్ని మరచే భయం ఎక్కువ. ఇల్లు కట్టేటప్పుడు దీపాలకై వేసిన గొట్టంలోనే, చోటు మిగిలినదని చెప్పి, కంప్యూటరు తీగను, కెమెరా తీగను కూడ దూర్చడం తరచుగా కనబడుతున్నది. ఒకే గొట్టంలో కొన్ని సంవత్సరాలు ఒరసుకొన్న తొడుగులు ఏనాడైనా చిరగవచ్చును. మరొక గొట్టానికి అయ్యే ఖర్చు స్వల్పం. అమెరికాలో కలప ఇళ్ళలో కాపురమున్న మన తెలుగువారికి కొయ్య నియమాలు కూడ వర్తిస్తాయి.

కథ ఇక్కడితో ముగియలేదు. కంప్యూటరు కేబులు ద్వారానే పరికరాలకు శక్తిని కూడ పంపే పద్ధతికి 2003లో ప్రమాణం ఏర్పడినది. అప్పుడు ఒక్కొక్క కేబులుకు 15.4 వాట్లు. 2009లో అది 30 వాట్లకు, 2018లో 90 వాట్లకు పెరిగినది. ఒక్క కేబులు వేడెక్కకపోవచ్చును. నూరు కేబుళ్ళను మోపుగా కట్టితే లోపలి వాటి వేడి బయటకు పోలేదు. అందువలన అమెరికా నియమావళి 2017 కూర్పులో మోపు పరిమాణాన్ని బట్టి కరెంటుకు హద్దులు పెట్టారు. మాటలు మోసిన తీగ మరల శక్తిని మోయసాగినది. గంటలు కట్టేవారికి 1882లో ఎదురైన ప్రశ్నయే క్రొత్త రూపంలో మనకు ఎదురైనది.

కావున గోడలో ఏ తీగ వేసినా విద్యార్థులు నాలుగు ప్రశ్నలు వేసుకొనవలెను. ఈ తీగ వెనుక ఉన్న శక్తికి హద్దు ఎంత? దాని ప్రక్కన ఏ తీగ ఉన్నది? మేకు తగలనంత లోపలికి, దూలం బలం తగ్గనిచోట బెజ్జం పడినదా? ఆ బెజ్జాన్ని మరల పూడ్చినారా? వీటికి సమాధానం దొరికిన తరువాతనే గోడను మూయవలెను. మూసిన గోడ వెనుక ఏమున్నదో చాలాకాలం ఎవరూ చూడరు.